మన్నన పలకని ఇల్లు

ఫెనెలోన్ మా ఇంట్లో ఉండాల్సింది అయిదేళ్ళు. ఉన్నది తొమ్మిది రోజులు.

మా వీధిలో ఎవరినడిగినా ఆ పేరు గుర్తు లేదంటారు. "మీ ఇంట్లో ఉండే హైతీ పిల్లల్లో ఒకడా? అందరూ ఒకేలా ఉంటారు కదా టీచర్" అంటారు. ఒకేలా ఉండరు. ఇతనిది ఎడమచేతి వాటం. ముందుపన్ను ఒకటి సగం విరిగి ఉండేది, అందుకని నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. పూలకుండీ కనపడితే చాలు, చిటికెడు మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపి వాసన చూసేవాడు. తొమ్మిది రోజుల్లో నా కుండీలన్నీ తవ్వి, ఏ మొక్క ఎందుకు చస్తోందో చెప్పాడు. అతను చెప్పినట్టు చేశాను. అవి బతికాయి.

మాది సాంతియాగో. దొమినికన్ దేశంలో రాజధాని తర్వాత పెద్ద ఊరు ఇదే. ముప్ఫై ఒక్కేళ్ళు చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దించి రిటైరయ్యాక, మేడమీద గదులు మూడూ చదువుకునే పిల్లలకి ఇస్తున్నాను. దాదాపు అందరూ హైతీ నుంచి వచ్చేవాళ్ళే. అక్కడ రాజధానిలో తుపాకులు మోగి కాలేజీలు మూతబడ్డాయి. ఇక్కడ తెరిచి ఉన్నాయి. ఒకే దీవి, మధ్యలో ఒక గీత, ఇటు స్పానిష్, అటు క్రియోల్. ఆ గీత దాటి చదువుకోవడానికి వచ్చే పిల్లలకి మా ఊరు పరదేశం. గీత గీసినవాళ్ళు వాళ్ళూ కాదు, నేనూ కాదు.

అతను వచ్చింది జనవరిలో, ఒక సోమవారం మధ్యాహ్నం. ముందు వరండాలో ఊగే కుర్చీలో కూచుని, ఒళ్ళో చేట పెట్టుకుని పచ్చి కందికాయలు వలుస్తున్నాను. గేటు తెరిచే ఉంది. పగలంతా తెరిచే ఉంచుతాను, మూసుకుపోకుండా ఏటిరాయి ఒకటి అడ్డం పెట్టి. ఎందుకో తర్వాత చెప్తాను. గేటు బయట ఒక పొడుగాటి కుర్రాడు పెట్టె కింద పెట్టి నిలబడ్డాడు. తెల్లచొక్కా, ఇస్త్రీ మడత చెదరలేదు. సరిహద్దు నుంచి అన్ని గంటలు బస్సులో కూచుని ఆ మడత ఎలా కాపాడుకున్నాడో నాకిప్పటికీ తెలీదు. పది అడుగుల దూరంలో నేను కనపడుతూనే ఉన్నాను. అయినా లోపలికి రాలేదు. గొంతు సవరించుకుని, "ఒనే!" అని పిలిచాడు.

నా వేళ్ళ మధ్య కందికాయ అలాగే ఉండిపోయింది. ఆ పిలుపు విని యాభై ఏళ్ళు దాటింది.

ఒనే అంటే గౌరవం. హైతీ పల్లెల్లో ఎవరి వాకిట్లోకి వెళ్ళినా బయటే నిలబడి అలా పిలుస్తారు. లోపలివాళ్ళు "రెస్పే" అంటారు. అంటే మన్నన. మన్నన వినపడ్డాకే అడుగు లోపల పెడతారు. తలుపు బార్లా తెరిచి ఉన్నా సరే, లోపలున్నది కన్నతల్లే అయినా సరే. మా నాన్న ఆ దేశం నుంచి చెరుకు కొట్టడానికి వచ్చినవాడు. తోటలో కూలీల పాకల వరసలో మాకొక గది. తలుపు బదులు గోనెపట్టా. పొద్దుగూకేసరికి ఒళ్ళంతా కాల్చిన చెరుకు మసితో వచ్చి, ఆ పట్టా ముందు ఆగి "గౌరవం" అనేవాడు. మా అమ్మ పొయ్యి దగ్గర్నుంచే "మన్నన" అనేది. ఎవరికీ చెందని ఆ గది అప్పుడొక ఇల్లయ్యేది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఓసారి బడికొచ్చి, తరగతి గది ముందు నిలబడి అలాగే పిలిచాడు. పిల్లలు నెలరోజులు నన్ను చూసినప్పుడల్లా "గౌరవం! గౌరవం!" అని కోతుల్లా అరిచారు. "ఇంకెప్పుడూ నా బడికి రాకు నాన్నా" అన్నాను. మళ్ళీ రాలేదు.

కాబట్టి నేను పలకలేదు. గేటు బయట కుర్రాడు నన్ను చూస్తూ నిలబడ్డాడు. నేను కందికాయలు చూస్తూ కూచున్నాను.

మేడమీద బట్టలారేస్తున్న గెర్లాండ్ పిట్టగోడ మీంచి వంగి అరిచింది. "మన్నన! మన్నన, తమ్ముడూ! లోపలికి రా! అయ్యో, ఎన్నాళ్ళయిందిరా ఈ మాట విని! ఏ ఊరు నీది?"

"ప్లెజాన్స్ అక్కా. ఊరు కూడా కాదు, పైన కొండ."

"తెలుస్తూనే ఉందిలే కొండ అని. టౌను వాడైతే ఈపాటికి లోపలికొచ్చి మంచినీళ్ళు తాగేసేవాడు."

గెర్లాండ్ మెడిసిన్ మూడో ఏడు. ఇంటికి పెద్దకూతురి లెక్క. కొత్తగా వచ్చిన పిల్లలకి ఊరు నేర్పేది ఆమే.

ఫెనెలోన్ నేర్చుకోవడానికి వచ్చింది నేల సంగతి. వాళ్ళ కొండమీది పొలం చెక్క రెండుసార్లు వానకి జారి ఏట్లో కలిసిందట. "రెండోసారి చిక్కుడు పాదులతో సహా పోయింది టీచరమ్మా. మా అమ్మ ఒడ్డున నిలబడి చూసింది. ఆ ఎర్రనీళ్ళు మా పొలమే" అన్నాడు. కొండమీద మట్టిని ఎలా నిలబెట్టాలో చదువుకుని వెళ్ళిపోతాడు. ఇక్కడ ఉండిపోవాలని గాని, ఎవరి ఉద్యోగమో లాక్కోవాలని గాని అతనికి లేదు. ఈ సంగతి ఎందుకు రాస్తున్నానో మా దేశపు టీవీ చూసేవాళ్ళకి తెలుస్తుంది.

మర్నాడు యూనివర్సిటీ ఆఫీసులో అతని పాస్‌పోర్టు తీసుకుని ఒక రసీదు చేతిలో పెట్టారు. విద్యార్థి కార్డు, పాస్‌పోర్టు రెండూ వచ్చే గురువారం ఇస్తారు. అంటే అతనొచ్చిన పదకొండో రోజు. ఆ సాయంత్రం లోపు కార్డు చూపించి రిజిస్టర్లో సంతకం పెట్టాలి. పెట్టకపోతే సీటు వరసలో తర్వాత ఉన్నవాడికి పోతుంది.

అప్పటిదాకా అతను చెయ్యాల్సింది ఒక్కటే, ట్రక్కుకి దొరక్కుండా ఉండటం.

ఇమిగ్రేషన్ వాళ్ళ ఇనప చువ్వల ట్రక్కు అది. వీధుల్లో తిరుగుతుంది. ఒంటిరంగు చూస్తుంది, కాగితాలు అడుగుతుంది, ఎక్కించుకుంటుంది. సాయంత్రానికి సరిహద్దు వంతెన దగ్గర దింపేస్తుంది. రసీదు వాళ్ళ దృష్టిలో కాగితం కాదు. "రసీదా? బట్టలుతికే షాపుదా?" అని మా వీధి చివర ఒకడి రసీదు చింపేశారు.

అందుకే గెర్లాండ్ మొదటి పాఠం ట్రక్కు గురించే. మెట్లమీద కూచోబెట్టి చెప్పింది. నేను లోపల ఇస్త్రీ చేస్తూ వింటున్నాను.

"పుస్తకాలు సంచీలో కాదు, చేతిలో పట్టుకో. అట్టలు బయటికి కనపడాలి."

"వానొస్తే?"

"తడవనీ. పుస్తకం ఆరబెట్టుకోవచ్చు. చెప్పులు వద్దు, బూట్లు. చొక్కా రోజూ ఇస్త్రీ చెయ్యి. మూలమీద నిలబడకు. మూలమీద నిలబడ్డ నల్లవాడు కూలిపని కోసం నిలబడ్డట్టే వాళ్ళకి."

"ఎవరికోసమైనా ఎదురుచూడాల్సి వస్తే?"

"నడుస్తూ ఎదురుచూడు."

ఫెనెలోన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"ట్రక్కు కనపడితే పరిగెత్తకు. పరిగెత్తితే ఒప్పుకున్నట్టే. తెరిచి ఉన్న గేటేదో చూసుకుని, నీ సొంతిల్లే అన్నట్టు లోపలికి నడిచిపో. ఇంట్లోకి రావాలంటే వాళ్ళకి జడ్జి కాగితం కావాలి. పేదోళ్ళ పాకల్లోకైతే అడక్కుండా దూరతారు. పెంకుటిళ్ళు, మేడల దగ్గర కొంచెం ఆగుతారు. మన టీచరమ్మ గేటు అందుకే తెరిచి ఉంచుతుంది, ఆ రాయి అందుకే. తెలిసిందా?"

"తెలిసింది. కానీ అక్కా, ఎవరింట్లోకో పిలవకుండా ఎలా పోతాం?"

"ఒరేయ్, నీకు నేను క్రియోల్‌లోనే చెప్తున్నాను కదా?"

స్పానిష్ అతనికి బాగానే వచ్చు. పాతకాలం పాదిరీ ఒకాయన నేర్పిన స్పానిష్. మూల కొట్టు నాల్దో దగ్గరికి నిమ్మకాయలకి పంపితే, కౌంటరు ముందు నిటారుగా నిలబడి, "అయ్యా, శుభోదయము. తమ అంగడియందు నిమ్మపండ్లు లభించునా?" అన్నాడట. బయట బల్ల దగ్గర డొమినోలాడేవాళ్ళు బిళ్ళలు పడేసి మరీ నవ్వారు.

"లభించును నాయనా, లభించును!" అన్నాడట నాల్దో చేతులు జోడించి. "ఎన్ని లభించవలెను? ఒరేయ్, వీణ్ణి ఎక్కణ్ణుంచి తెచ్చారర్రా, చర్చి గోడలోంచి పెకలించుకొచ్చారా?"

ఆ రోజు నుంచి నాల్దోకి అతని పేరు లభించునా. వీధి దాటుతుంటే "ఏమోయ్ లభించునా, చదువు లభించినదా?" అని కేకేసేవాడు. ఫెనెలోన్ ఆగి, టోపీ లేకపోయినా ఉన్నట్టు తల వంచి, "ప్రయత్నించుచున్నాను అయ్యా" అనేవాడు. తెలిసే అనేవాడు. నవ్వించడం అతనికి ఇష్టం.

మూడో రోజు మొదటి క్లాసు. యూనివర్సిటీ గేటు దగ్గర కాపలావాడు చేతిలో పుస్తకాలు చూశాడు, చొక్కా చూశాడు, మొహం చూశాడు. మొహమే నమ్మాడు. "పనివాళ్ళు అటు, వెనక గేటు" అన్నాడు. వెనకాల కొత్త ప్రయోగశాల కడుతున్నారు. ఇతను రసీదు తియ్యబోతే "అటు అని చెప్పానా?" అని కసిరాడు. సరేనని వెనక గేటుకి పోయాడు.

అక్కడ ఇరవైమంది తాపీ పనివాళ్ళు, అందరూ హైతీవాళ్ళే. ఎవరో ఇతని చేతికి పార ఇవ్వబోయారట. తను విద్యార్థినని, నేల చదువుకి వచ్చానని చెప్పాడు. ముందు నమ్మలేదు. ముసలి మేస్త్రీ ఒకాయన పుస్తకం తీసుకుని తిరగేసి, అందులో బొమ్మ చూసి, మళ్ళీ జాగ్రత్తగా ఇచ్చేశాడు. అప్పుడు సిమెంటు చేతులు ప్యాంట్లకి తుడుచుకుని, ఆరుగురు ఇతన్ని మధ్యలో పెట్టుకుని, కట్టడం లోపల్నుంచి, పరంజాల కిందనుంచి, సరాసరి క్లాసు గుమ్మం దాకా తీసుకొచ్చి దిగబెట్టారు.

"పెళ్ళికొడుకుని తీసుకొచ్చినట్టు తీసుకొచ్చారు టీచరమ్మా" అన్నాడు మధ్యాహ్నం భోజనం దగ్గర. "లోపల ప్రొఫెసరు పాఠం ఆపేశాడు. మేస్త్రీ గుమ్మం బయట ఆగి 'గౌరవం' అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు. ఒక అమ్మాయి, ఎవరికైనా దెబ్బ తగిలిందా అనడిగింది."

"మరి నువ్వేం చేశావు?"

"నేనే 'మన్నన' అన్నాను. క్లాసులో ఇంకెవరూ లేరుగా అనడానికి. లోపలికెళ్ళి కూచున్నాను. పక్క కుర్చీలో ఎవరూ కూచోలేదు. పుస్తకాలు పెట్టుకోవడానికి వీలుగా ఉంది."

ఈ మాట కూడా నవ్వుతూనే చెప్పాడు. నాకు మింగుడు పడలేదు. ఆ యూనివర్సిటీ గోడలు ఎవరు కట్టారు? మా ఊళ్ళో రోడ్లు, మేడలు ఎవరు కట్టారు? మా కాఫీలో పంచదార ఎవరి చేతులు కోసినది? పగలు పనిలోకి పిలిచి, పని అయ్యాక ట్రక్కు పిలిచే దేశం మాది. కూలీ ఇవ్వాల్సిన రోజునే ట్రక్కు రావడం నేను కళ్ళారా చూశాను. ఇది రాస్తే దేశద్రోహి అంటారు. అననీ.

ఇంత మాట్లాడే నేను గేటు దగ్గర ఎలా ఉన్నానో కూడా చెప్పాలి. రోజూ రెండుసార్లు వచ్చేవాడు, రెండుసార్లూ పిలిచేవాడు. గెర్లాండ్ ఉంటే పలికేది. లేకపోతే నేను స్పానిష్‌లో "రా, రా" అనేదాన్ని. అతను ఒక్క క్షణం ఆగి, సగం తృప్తితో లోపలికొచ్చేవాడు.

అయిదో రోజు స్పానిష్ వ్యాకరణం చెప్తూ అడిగాను. "బాబూ, ఇది నువ్వు ఉండే ఇల్లు. గేటు తెరిచి ఉంది. ఎందుకా పిలుపు? గెర్లాండ్ చెప్పింది గుర్తు లేదా?"

"గుర్తుంది టీచరమ్మా."

"మరి?"

అతను పెన్సిలు కింద పెట్టాడు. "మా కొండమీద పిలవకుండా లోపలికొచ్చేది ఇద్దరే. దొంగలు, తుపాకులవాళ్ళు. మూడోవాణ్ణి అవలేను. పిలవకుండా ఒకసారి వస్తే, రెండోసారి తేలికైపోతుంది. అయిదేళ్ళ తర్వాత అలాగే మా అమ్మ గుమ్మంలోకీ వెళ్ళిపోతాను. అప్పుడు ఆమె నన్నేమనుకుంటుంది?"

ఆరో రోజు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, అతను పిలిస్తే, "మన్నన" అన్నాను. చిన్నగా అన్నాను, పక్కింటికి వినపడకుండా. క్రియోల్ మాట నా నోట్లో తుప్పు పట్టిన గడియలా కదిలింది. అతను విన్నాడు. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వాడు. విరిగిన పన్నుతో సహా. ఏడో రోజు, ఎనిమిదో రోజు కూడా పలికాను. ఎవరూ లేనప్పుడే. అతనికి అలవాటు చేశాను. నేను చేసిన తప్పుల్లో అదీ ఒకటి.

పక్కింటికి వినపడకూడదన్నానే, ఆ పక్కిల్లు అందరూ దోన్యా, అంటే అమ్మగారు, అని పిలిచే ఎర్మిందాది. వీధి కమిటీకి పెద్ద. చెడ్డ మనిషి అనలేను. నాకు జ్వరమొస్తే పులుసు పంపిస్తుంది, బి.పి. చూస్తుంది, పండక్కి కొబ్బరి మిఠాయి తెస్తుంది. కాఫీ తాగుతూ మాత్రం, "నీకేం నల్లమ్మా, నువ్వు చదువుకున్నదానివి, ఇక్కడే పుట్టినదానివి. నువ్వు వాళ్ళలాంటిదానివి కాదు" అంటుంది. మెచ్చుకుంటున్నాననే అనుకుంటుంది. నేను చిరునవ్వు నవ్వి, ఇంకో స్పూను పంచదార వేస్తాను. నాన్న పరదేశి కూలీ కాబట్టి, కొన్నేళ్ళ కిందట నా పుట్టుక కాగితం మీదా అనుమానం ముద్ర పడింది. అది చెరిపించుకోవడానికి నాలుగేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగాను. అప్పుడు నా తరఫున సంతకం పెట్టింది ఎర్మిందానే. ఆ సంతకం కింద కూచునే బతుకుతున్నాను.

తొమ్మిదో రోజు మంగళవారం. మా వీధికి కుళాయి నీళ్ళొచ్చే రోజు. పదిన్నర ప్రాంతం. గెర్లాండ్ ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళింది. వెనకాల డ్రమ్ములు నిండుతున్నాయి. వంటింట్లో నేను, బల్ల దగ్గర ఎర్మిందా. చేతిలో కాఫీ కప్పు.

"మీ కొత్త కుర్రాడు బుద్ధిమంతుడిలా ఉన్నాడు. గేటు దగ్గర ఏదో కేకేస్తుంటాడేమిటి? మా ఆయన అడుగుతున్నాడు, మంత్రాలా అని" అంది.

"మంత్రాలేంటి!" అని నవ్వాను.

"అదేలే. వాళ్ళ సంగతి తెలుసుగా. నువ్వు మంచిదానివి కాబట్టి వీధి ఓర్చుకుంటోంది."

సరిగ్గా అప్పుడు గేటు దగ్గర్నుంచి వినపడింది.

"గౌరవం!"

నేను విన్నాను. నీళ్ళ చప్పుడులో కూడా స్పష్టంగా విన్నాను. మన్నన అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎర్మిందా కనుబొమ్మలు పైకెత్తి నా మొహంలోకి చూసింది.

"ఎవరది?"

"ఎవరో అమ్ముకునేవాడు" అన్నాను.

ఎందుకన్నానని ఇప్పటికి కొన్ని వందలసార్లు నన్ను నేనే అడిగాను. జవాబు పెద్దదేం కాదు. ఆ మాటకి క్రియోల్‌లో బదులిస్తే, ఆమె కళ్ళముందు నేను కూలీ పాకలోని ఎనిమిదేళ్ళ పిల్లనైపోతాను. అంతే.

"గౌరవం!" రెండోసారి. ఈసారి గొంతు కొంచెం తొందరగా ఉంది. పరిగెత్తకూడదని తనకి తను చెప్పుకుంటున్న మనిషి గొంతులా.

"కూరగాయలా? అరటికాయలుంటే ఆపు" అంది ఎర్మిందా.

అప్పుడు ఇంజను చప్పుడు వినపడింది. మా వీధిలో అందరూ గుర్తుపట్టే చప్పుడు. కుర్చీ పడిపోయేలా లేచాను. వంటింటి నుంచి వరండాకి పద్నాలుగు అడుగులు. కొలిచాను, తర్వాత.

గేటు తెరిచే ఉంది. రాయి దాని చోట అది ఉంది. రెండడుగులు వేసుంటే లోపల ఉండేవాడు. గేటు గీతకి అవతల, ఇద్దరు మనుషులు అతని నడుం పట్టీ వెనకనుంచి పట్టుకుని ఎత్తినంత పని చేస్తున్నారు. పుస్తకాలు కిందపడ్డాయి. రసీదు చేతిలోనే ఉంది. పైకెత్తి పట్టుకున్నాడు, క్లాసులో చెయ్యెత్తినట్టు.

"అయ్యా, నేను విద్యార్థిని. కార్డు ఎల్లుండి లభించును" అంటున్నాడు. భయంలో కూడా అదే పుస్తకం భాష.

"ఆగండి!" అన్నాను. "మా ఇంట్లో కుర్రాడు. యూనివర్సిటీలో చదువుతున్నాడు. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరుంది, ఫోను చేసి కనుక్కోండి."

వాళ్ళల్లో పెద్దవాడు నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "సరే అమ్మా. మరి నీ కాగితాలు?"

నాలుగేళ్ళు తిరిగి తెచ్చుకున్న కాగితం బీరువాలో ఉంది. తేవచ్చు. ట్రక్కుకి అడ్డం నిలబడొచ్చు. నేను నిలబడే ఉన్నాను, గేటుకి ఇటుపక్క.

వెనకాల ఎర్మిందా కాఫీ కప్పుతోనే వరండాలోకి వచ్చింది. ఆమెకి నిజంగానే అర్థం కాలేదు. "అదేంటి టీచర్, ఎవరో అమ్ముకునేవాడన్నావు కదా?" అంది.

ఆ ఆఫీసరు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. "విన్నారా? అమ్ముకునేవాడంట. ఎక్కరా విద్యార్థీ."

ఫెనెలోన్ అప్పుడు నావైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఎర్మిందా స్పానిష్ అతనికి ఎంత అర్థమైందో నాకు తెలీదు. అర్థం కాలేదని ఏళ్ళ తరబడి నాకు నేను చెప్పుకోబోతున్నాను. పాదిరీ అతనికి బాగానే నేర్పాడు.

ట్రక్కు కదిలాక ఎర్మిందా, "అయ్యో, మీ కుర్రాడా! ముందే చెప్పొద్దూ, నేను మాట్లాడేదాన్నిగా!" అని గుండెల మీద చెయ్యి వేసుకుంది. మాట్లాడేది కూడా. ఆమె మాటకి ఆగేవాళ్ళేమో కూడా. అదే నన్ను ఎక్కువ కాలుస్తుంది.

గెర్లాండ్‌ని ఆసుపత్రి నుంచి పిలిపించాను. ఇద్దరం రసీదు నకలు, సీటు ఉత్తరం పట్టుకుని పట్టుకున్నవాళ్ళని ఉంచే చోటికి పోయాం. "ఈ పేరుతో ఎవరూ లేరు" అన్నారు. రెండు గంటలు నిలబడ్డాక, "ఉన్నాడు గాని భోజనం ముందు బండిలో వెళ్ళిపోయాడు" అన్నారు. యూనివర్సిటీ ఆఫీసుకి పోతే, అక్కడి అమ్మాయి చాలా బాధపడింది. నిజంగానే బాధపడింది. గురువారం మళ్ళీ పోతే కార్డు, పాస్‌పోర్టు సిద్ధంగా ఉన్నాయి. ఫోటోలో ఫెనెలోన్ నోరు మూసుకుని, పన్ను కనపడకుండా, పెద్దమనిషిలా ఉన్నాడు. మనిషి స్వయంగా వచ్చి సంతకం పెడితే తప్ప ఇవ్వరు. కార్డు ఉంటే తప్ప మనిషి సరిహద్దు దాటి రాలేడు. "నిబంధన అమ్మా" అంది. శుక్రవారం ఆ కుర్చీ ఇంకెవరికో ఇచ్చారు. పక్క కుర్చీ ఇప్పుడు ఖాళీగా ఉండటం లేదేమో.

ఆదివారం ఫోను చేశాడు. సరిహద్దు ఊళ్ళో ఎవరి ఫోనో అడిగి తీసుకున్నాడు. గెర్లాండ్ మాట్లాడి, ఏడ్చి, నాకిచ్చింది.

"టీచరమ్మా, జాజిమొక్క కుండీలో నీళ్ళు నిలబడనివ్వకండి. కింద చిల్లు పూడిపోయింది, పుల్లతో పొడవండి" అన్నాడు.

"అలాగే నాయనా. అమ్మ దగ్గరికి వెళ్ళావా?"

"ఇంకా లేదు. ఏం చెప్పాలో అనుకుంటున్నాను." అవతల ఎవరో మేకని అదిలిస్తున్నారు. "టీచరమ్మా, ఆ రోజు నేను పిలిచినప్పుడు మీరు లోపల లేరు కదా?"

అతను ప్రశ్న అడగలేదు. నాకొక దారి ఇచ్చాడు.

"నీళ్ళు పడుతున్నాను బాబూ. వినపళ్ళేదు" అన్నాను.

"అదే అనుకున్నాను. ఇంట్లో మనిషుంటే పలక్కుండా ఎలా ఉంటారు?"

ఆ ఫోను నంబరుకి తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎవరో ఆడమనిషి ఎత్తి, తెలీదంటోంది.

నాల్దో ఓసారి అడిగాడు, "మన లభించునా కనపట్టం లేదేంటి టీచర్?" అని. చెప్పాను. కౌంటరు తుడిచే గుడ్డ చేతిలో నలిపాడు. తర్వాత నిమ్మకాయలు అడక్కుండానే నాలుగు ఎక్కువ వేశాడు. ఎర్మిందా ఇప్పటికీ కాఫీకి వస్తుంది. నేను ఇప్పటికీ చక్కెర వేస్తాను. ఆమెతో ఇంతవరకూ ఈ మాట ఎత్తలేదు. ఇలా కాగితం మీద రాయడం తేలిక.

మొన్న ఆ గదిలోకి కొత్తమ్మాయి వచ్చింది. హైతీలో ఇంచ్ అనే ఊరి నుంచి, నర్సింగు చదవడానికి. పొద్దున్న తొమ్మిదింటికి గేటు బయట పెట్టె దించింది, తలకి కట్టుకున్న గుడ్డ సర్దుకుంది, ఊపిరి తీసుకుంది. ఆ నోరు ఏమనడానికి తెరుచుకుంటోందో నాకు తెలుసు. వీధి చివర ఏదో ఇంజను మోగుతోంది. పాలబండో, ఇంకేదో.

"ఏమీ అనకు!" అని కుర్చీలోంచి అరిచాను. "పిలవకు! వచ్చెయ్! లోపలికొచ్చెయ్, గబగబా!"

ఆ పిల్ల బెదిరి, పెట్టె ఈడ్చుకుంటూ వచ్చేసింది. వరండాలో నిలబడి నన్ను చూసింది. మర్యాద తెలియని ఇంట్లోకి వచ్చి పడ్డానే అన్నట్టు చూసింది. ఇప్పుడు మా ఇంట్లో మొదటి పాఠం అదే, చెప్పేది నేనే. పుస్తకాలు చేతిలో పట్టుకోండి, బూట్లు వేసుకోండి, ఈ గేటు ముందు గౌరవం అడక్కండి, దొంగల్లాగా వచ్చెయ్యండి అని చెప్తున్నాను.

ఆ అమ్మాయి మూడు రోజుల్లో నేర్చుకుంది. నిన్న పిలవకుండానే లోపలికి వచ్చింది, తల కూడా ఎత్తలేదు.